బట్టీ ద్వారానికి వేలాడిన పెంకు

యెచెంగ్ నగరం, పెంకుల వీధి,
నాలుగో నెల, మల్బరీ ఆకులు కోసే రోజులు.

ఉత్తరపు గోడ దగ్గర రాళ్ళు మోస్తున్న మా ఆయన ఫాషౌ గారికి మియావ్‌రాంగ్ నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ అమ్మాయి అలువానూ కులాసా. మేకలు రెండూ కులాసా. కోళ్ళలో మాత్రం ఒకటి తగ్గింది, పడమటి సైనికుడెవడో కూర వండుకున్నాడు. మీ మోకాలి నొప్పి తగ్గిందనీ, చలిగాలికి చెవులు కప్పుకుంటున్నారనీ అనుకుంటున్నాను.

ఏమండీ, కులాసాలు అయిపోయాయి కాబట్టి ఇక నన్ను ఆపకండి. నేనిప్పుడు దేనిమీద కూర్చుని రాస్తున్నానో చెప్పుకోండి చూద్దాం. రాజుగారి పెంకుల గుట్ట మీద! మన పెరట్లో! మన వంతుకు మూడు వందల పన్నెండు వచ్చాయి. నల్లగా, నున్నగా, మొహం చూసుకోవచ్చు. నా పదిహేనో ఏట వంగి కూర్చుని అక్రోటు నూనె రుద్దిన పెంకులివి. ఇన్నేళ్ళ వానకూ మంచుకూ వాటి నిగనిగ పోలేదు. సంబరంతో రెండు రోజులుగా నాకు కొర్రగంజి కూడా గొంతు దిగడం లేదు.

మీ ఉత్తరం తెచ్చిన తోళ్ళ వర్తకుడు రేపు పొద్దున్నే మళ్ళీ ఉత్తరానికి బయలుదేరుతున్నాడు. అందుకని మీరడిగినవన్నీ ముందు చెప్పేస్తాను.

"గావ్ వంశం నిజంగానే పోయిందా, లేక ఇక్కడి కాపలావాళ్ళు తాగి వాగుతున్నారా?" అని అడిగారు. పోయిందండీ, నిజంగానే పోయింది. మొదటి నెలలో రాజు తన ఎనిమిదేళ్ళ కొడుకును సింహాసనం ఎక్కించి తాను తూర్పుకు పరుగు తీశాడు. ఆ పిల్లాడు నెల రోజులు కూడా కూర్చోలేదు. తండ్రీ కొడుకులిద్దరూ దొరికిపోయారు. పడమటి జౌ రాజు సైన్యం ఊళ్ళోకి వచ్చిన రోజు మేమంతా చల్లారిన బట్టీల్లో దాక్కున్నాం. అలువాన్ బూడిదలోంచి తల పైకెత్తి, "అమ్మా, వీళ్ళు కూడా మనలాగే తుమ్ముతున్నారే!" అంది. నాకు భయం మధ్యలో నవ్వొచ్చింది.

ఈ వంశం పుట్టినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. సేనాపతి పాత రాజును దింపేసి తాను ఎక్కాడు. మర్నాడే మా నాన్నను పిలిచి కొత్త రాజ్యం పేరుతో అచ్చు చెక్కమన్నారు. వెయ్యేళ్ళ రాజ్యానికి తగ్గట్టు లోతుగా చెక్కమని అధికారి చెప్పాడట. నాన్న లోతుగానే చెక్కాడు. మొదటి పెంకు మీద ఆ అచ్చు వేస్తుంటే నేను పక్కన నీళ్ళ గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఇరవై ఎనిమిదేళ్ళు తిరక్కుండానే అదే పెంకు కిందికి దిగుతుంటే మళ్ళీ నేనే పక్కన నిలబడ్డాను. ఒక వంశాన్ని మొదటినుంచి చివరిదాకా చూసేశాను, ఇంకా నా జుట్టు సరిగ్గా నెరవలేదు!

అలువాన్ ఎంత ఎత్తుందని అడిగారు. నా భుజం దాకా వచ్చింది. ముక్కు మీ ముక్కే. మొండితనం అంతా మీదే. అలిగితే తిండి మానదు కానీ మాట మానేస్తుంది.

మీ మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. "నా తమ్ముడినని చెప్పుకునే ఆ ద్రోహి ఇంకా ఆ వీధిలోనే ఉన్నాడా? వాడు ఉన్నంతకాలం నేను ఆ గడప తొక్కను. ఇక్కడ నా కాలికి ఇప్పుడు గొలుసు లేదు, దున్నుకోడానికి పొలం ఇస్తామంటున్నారు. నువ్వూ పిల్లా ఇక్కడికి వచ్చెయ్యండి" అని రాశారు. దావ్‌యున్ ఉన్నాడు. మన పక్కింట్లోనే ఉన్నాడు. దీనికి జవాబు చివర్లో చెప్తాను. నన్ను కోప్పడకుండా ముందు పెంకుల సంగతి వినండి.

మొన్న మధ్యాహ్నం డప్పు మోగింది. జౌ రాజు అధికారి ఒకడు రాజభవనం ముందు నిలబడి చాటింపు చదివాడు. గావ్ రాజులు ప్రజల చెమటతో కట్టిన మూడు మేడలూ, తోటల్లోని భవనాలూ కూల్చేస్తారట, పనికొచ్చే కలపా పెంకులూ అన్నీ జనానికే ఇచ్చేస్తారట. ఇదేదో కొత్త పన్ను అనుకున్నాం. చివరికి మన ఎదురింటి దౌ అవ్వ ముందుకొచ్చింది.

"బాబూ, ఇస్తామంటే ఊరికేనా?"

"ఊరికేనమ్మా."

"పైకప్పు కూడానా?"

"పైకప్పే మొదట, అవ్వా. కింది గోడలు తర్వాత."

ఇక చూడాలి జనం! డెబ్భై ఏళ్ళ ముసలమ్మ నన్ను మోచేత్తో తోసుకుంటూ ముందుకు పరుగెత్తింది. సైనికులు పైనుంచి తాళ్ళతో బుట్టలు దించుతున్నారు, కింద పేటల వారీగా వరసలు. కప్పు కొసన చేప తోకలా నిలబెట్టే పెద్ద మట్టి బొమ్మ ఉంటుందే, తన కంటే ఎత్తైన ఆ బొమ్మ దౌ అవ్వకు దక్కింది. ఇప్పుడది ఆవిడ మేకల పాక మీద నిలబడి ఉంది. మేకలు దాని కింద మంత్రుల్లా గడ్డి నములుతున్నాయి.

అసలు సంగతి ఆ తర్వాత మొదలైంది. ప్రతి పెంకు వెనకా చేసినవాడి పేరు ముద్ర ఉంటుంది కదా. తప్పు జరిగితే పట్టుకోడానికి పెట్టిన ముద్రలవి. జనం వాటిలో తమవాళ్ళను వెతకడం మొదలుపెట్టారు! చదువు వచ్చింది ఎవరికి? అచ్చులు చెక్కేవాడి కూతురికి. నన్నొక దూలం మీద కూర్చోబెట్టారు. ఇక వరసగా పెంకులు. "మియావ్‌రాంగ్, ఇది మా నాన్నదేమో చూడు." "అక్కా, ఇది మా మామదా?" చదివీ చదివీ నా గొంతు పూడుకుపోయింది. పేరు కలిసినప్పుడల్లా ఒక కేక. మనం ఇన్నాళ్ళూ వణికిపోయిన ఆ ముద్రలనే జనం గుండెలకు హత్తుకుని ఇంటికి తీసుకుపోతున్నారండీ. నాకు ఏడుపూ నవ్వూ రెండూ ఒకేసారి వచ్చాయి. దౌ అవ్వ నలభై పెంకులు తెచ్చింది, ఒక్కటీ వాళ్ళాయనది కాదు. "చచ్చి కూడా ఈయన చెప్పినచోట ఉండడు" అని తిట్టుకుంటూ మళ్ళీ గుట్టలోకి వెళ్ళింది.

అప్పుడొచ్చాడు దావ్‌యున్. చేతిలో ఒకటే పెంకు. దానికింకా తాడు వేలాడుతోంది.

"బట్టీ ద్వారం మీంచి దించాను వదినా. అన్న పెంకు ఇది. ఇంట్లో పెట్టుకో" అన్నాడు.

ఆ పెంకు గురించి అలువాన్ అడిగినప్పుడల్లా నేను ఒకటే చెప్తూ వచ్చాను. పదకొండేళ్ళ కిందట రాజుగారి సంగీతశాల కప్పు కురిసింది. పైకెక్కి చూస్తే పగిలిన పెంకు మీద దాని నాన్న పేరు, అంటే మీ పేరే ఉంది. పేరెవరిదో శిక్ష వాళ్ళదే కాబట్టి నాన్నను ఉత్తరపు గోడకు పంపారు, పెంకును అందరికీ బుద్ధి రావాలని బట్టీ ద్వారానికి కట్టారు. ఆ పెంకు చేసినరోజు నాన్న జ్వరంతో పడి ఉన్నాడు, ఆయన ముద్రతో పనిచేసింది బాబాయి దావ్‌యున్. నేను చెప్పింది ఇంతవరకే. మీకు తెలిసిందీ ఇంతవరకే.

ఇప్పుడు మిగతాది చెప్తాను. రాయకపోతే ఈ ఉత్తరం పంపడానికి నాకు ముఖం చెల్లదు.

ఆ రోజు మీ లెక్క తొంభై పెంకులు. దావ్‌యున్ అరవై చేశాక అధికారి వచ్చి బట్టీ రాజెయ్యమని అతన్ని లాక్కుపోయాడు. పొద్దు వాలుతోంది. లెక్క తగ్గితే ముప్ఫై కొరడా దెబ్బలు. మీ ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఆ ఒంటి మీద ఒక్క దెబ్బ పడినా మీరు దక్కరు అనిపించింది. నేను నూనె గది వెనకనుంచి వెళ్ళి మిగిలిన ముప్ఫై చేశానండీ. ఆడది ముద్ర ముట్టుకుంటే చేతులు విరుస్తారని తెలిసీ ముట్టుకున్నాను. నీడన ఆరబెట్టే సమయం లేక నిప్పుల పక్కన పెట్టాను. ఒకటి ఇంకా మెత్తగా ఉండగానే ఎత్తాను. నా బొటనవేలు అందులో దిగిపోయింది. చిన్నప్పుడు నాన్న ఉలి జారి నా వేలి మీద అడ్డంగా పడిన గాటు ఉందే, ఆ గాటుతో సహా దిగింది. పెంకు పగిలింది సరిగ్గా అక్కడే. పదకొండేళ్ళూ మీ పేరు కింద నా వేలు వేలాడుతూ ఉంది. రోజూ దానికింద నడిచి పనికి వెళ్ళాను.

విచారణ రోజు మీరు దావ్‌యున్‌ను చూసి, "నా ముద్రతో నా కొంప కూల్చావు కదరా!" అని అరిచినప్పుడు నేను నూనె కాగుల వెనకే ఉన్నాను. కడుపులో అలువాన్ ఉంది. అతను తల వంచుకున్నాడు. నేనూ తల వంచుకున్నాను. మొదట కొరడాకు భయపడ్డాను. మన ఉత్తరాలు కాపలావాళ్ళు విప్పి చదివేవాళ్ళు, అందుకే రాయలేదని నాకు నేను చెప్పుకున్నాను. ఈ నాలుగు నెలలుగా ఎవరూ చదవడం లేదు, అయినా రాయలేదు. మీకు భయపడ్డాను. కొరడా కంటే మీకే ఎక్కువ భయపడ్డాను.

ఆ పెంకు నా ఒళ్ళో పెట్టి దావ్‌యున్ వెళ్ళబోతుంటే నాకిక ఆగలేదు. చుట్టూ అందరూ తమవాళ్ళ పేర్లు చదివించుకుని పోతుంటే, ఈ ఒక్క పేరు దగ్గర నేను అబద్ధం ఎలా చదవను? "దావ్‌యున్, ఇది మీ అన్న చేసింది కాదు, నువ్వు చేసిందీ కాదు" అనేశాను.

"తెలుసు వదినా."

"ఏం తెలుసు?"

"నేను అరవై దగ్గర వదిలి వెళ్ళాను. పొద్దు గూకేసరికి తొంభై ఉన్నాయి. కోడి గుడ్లు పెట్టినట్టు వాటంతటవే పుట్టలేదుగా! పైగా ఈ ఊళ్ళో వేలి మీద కాలవలాంటి గాటు ఉన్నది ఇంకెవరికి?"

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా?"

"చెప్తే నిన్ను కొట్టేవాళ్ళు. కడుపులో పిల్ల పోయేది. అన్న నన్ను తిట్టుకుంటే నాకేం పోతుంది, నిద్ర తప్ప?" అని నవ్వాలని చూశాడు కానీ నవ్వు రాలేదు. ఆ రోజు అధికారి కాళ్ళు పట్టుకుని, "చేసింది నేనే, నన్ను పంపండి" అని బతిమాలాడట. పేరు పేరే అన్నాడట వాడు. ఆ మాట మీకు ఎవరూ చెప్పలేదు, నాకూ మొన్నటిదాకా తెలియదు.

నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే దౌ అవ్వ వచ్చి, "ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ, ముందిది చదువు తల్లీ" అని ఇంకో పెంకు ఒళ్ళో పడేసింది. కళ్ళు తుడుచుకుని చదివాను. వాళ్ళాయనదే! ముసలమ్మ ఎగిరి గంతేసి దావ్‌యున్‌ను వాటేసుకుంది.

ఇదండీ జరిగింది. దావ్‌యున్ నిన్నటినుంచి మన ఇంటి కప్పు నేస్తున్నాడు. కప్పు మీదున్న పాత గడ్డంతా తీసేసి సగం పెంకులు పరిచేశాడు. రాజుగారి సంగీతశాల మీద ఉన్న పెంకులు రేపటికి మన ఇంటి మీద ఉంటాయి. నేను పడుకునే చోట పైన మాత్రం ఆ పగిలిన పెంకే పెట్టించాను. అతను వద్దంటే నేనే నిచ్చెన ఎక్కి పెట్టాను. ఇవాళ మధ్యాహ్నం చిన్న జల్లు పడింది, సరిగ్గా నా దిండు మీదే కారింది. కారనీ.

ఈ ఉత్తరంతో పాటు గుడ్డలో చుట్టి మీ చెక్క ముద్ర పంపుతున్నాను. విచారణ రోజు మీరు దాన్ని పొయ్యిలో వెయ్యమన్నారు, నేను గింజల జాడీలో దాచాను. మీరు నన్ను క్షమించలేకపోతే అక్కడే ఉండి పొలం దున్నుకోండి. నేను ఎవరికీ ఏమీ చెప్పను. అలువాన్‌ను మాత్రం కోతల తర్వాత దావ్‌యున్ మీ దగ్గరికి తీసుకొచ్చి చూపిస్తాడు. రావాలనిపిస్తే ఆ ముద్ర తీసుకుని రండి. మీ కాళ్ళతో మట్టి తొక్కి, మీ చేత్తో నీడన ఆరబెట్టి, ఒక్క పెంకు చెయ్యండి. దాన్ని నా తలపైన కప్పు మీద పెట్టేటప్పుడు నిచ్చెన పట్టుకోడానికి ఒకరు కావాలి. మీ తమ్ముడు పట్టుకుంటాడు.

అలువాన్ ఇప్పుడే నా భుజం మీంచి తొంగి చూసి, "ఇంకా రాస్తున్నావా? నాన్న చదివేలోపు ముసలాడైపోతాడు" అంటోంది. దానికి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించాను. అలిగి, మాట మానేసి, మళ్ళీ ఇప్పుడే మొదలుపెట్టింది. మీరూ దాని తండ్రే అని ధైర్యం తెచ్చుకుంటున్నాను.

కింద నా బొటనవేలు సిరాలో ముంచి ఒత్తుతున్నాను. గాటు కనిపిస్తుంది చూడండి. పదకొండేళ్ళ కిందట మీ పేరు కింద పడింది, ఇప్పుడు నా పేరు కింద.

ఇట్లు,
మీ రాక కోసం కురిసే కప్పు కింద ఎదురుచూసే
మీ భార్య
మియావ్‌రాంగ్