తొమ్మిది మార్కుల చావు

ప్రిన్సిపాల్ గారి సముఖమునకు, రెండవ సంవత్సరం విద్యార్థిని, రోల్ నంబరు ముప్పై ఒకటి, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కథారచన తరగతి ఆరవ అసైన్‌మెంటుకు నాకు వేసిన తొమ్మిది మార్కులు రద్దు చేసి, అంతకు ముందు వేసిన నాలుగు మార్కులను తిరిగి ఇప్పించుట గురించి; మరియు మా అమ్మమ్మ బ్రతికే ఉన్నదని తెలియజేయుట గురించి.

తప్పుడు ధ్రువీకరణ ఇచ్చినందున నన్ను తరగతి నుండి ఎందుకు తొలగించరాదో మూడు రోజులలో చెప్పమని తమ కార్యాలయం పంపిన నోటీసు సోమవారం అందినది. ఈ తరగతి పోతే నా సంవత్సరం పోతుంది. సంవత్సరం పోతే నేను మళ్ళీ చదువుతానన్న నమ్మకం మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకూ లేదు. మా వాళ్ళలో కాలేజీ మెట్లెక్కినది నేనొక్కదాన్నే. కనుక జరిగినది జరిగినట్టు ఈ క్రింద మనవి చేసుకుంటున్నాను.

1. ఈ తరగతిలో ప్రతి శుక్రవారం ఒక కథ ఇవ్వాలి. దానితో పాటు వారమంతా చూసినవి రాసే పరిశీలన పుస్తకం, తోటివారి కథల మీద ఆరు అభిప్రాయాలు. మా అమ్మ, అమ్మమ్మ, నేను ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పని చేస్తాము. నాది పొద్దున ఐదు నుండి తొమ్మిది వరకు. నా కథలన్నీ దుప్పట్లు మడిచే బల్ల మీద, ఒక బండి వెళ్ళి ఇంకో బండి వచ్చే సందులో రాసినవే. కాగితాలకు సోడా వాసన వస్తోందని ఒకసారి మార్కు తగ్గింది. అయినా ఒక్క శుక్రవారమూ తప్పలేదు.

2. కథలు సొంత జీవితం నుండే రాయాలని నియమం. ప్రతి కథకూ పైన ఒక అచ్చు కాగితం ఉంటుంది: "ఇందులోని సంఘటనలు నా జీవితంలో జరిగినవేనని ధ్రువీకరిస్తున్నాను." దాని క్రింద సంతకం పెట్టాలి. మా ఇంట్లో సంతకం వచ్చినదాన్ని నేనే కాబట్టి, దాన్ని నేను ఊరికే పెట్టే అలవాటు లేదు. ఈ మాట తమరు గుర్తుంచుకోవాలని మనవి.

3. ఆరవ కథ "మా ఇంటి పెద్దవారు". నేను అమ్మమ్మ గురించి రాశాను. ఉతికి ఆరిన ప్రతి దుప్పటినీ కిటికీ వెలుగుకు ఎత్తి చూడడం ఆమె పని. మరక కనబడితే అంచుకు ఎర్రదారం కడుతుంది. ఎర్రదారం ఉన్నది మళ్ళీ తొట్టిలోకి, లేనిది ఆసుపత్రికి. ఈ మధ్య ఆమెకు చూపు తగ్గింది. ఆమె చూసి పక్కన పెట్టినవాటిని అమ్మ చాటుగా మళ్ళీ చూడటం మొదలుపెట్టింది. అమ్మమ్మకు అనుమానం వచ్చి, ఒకరోజు శుభ్రమైన దుప్పటికే కావాలని ఎర్రదారం కట్టి, ఓరకంట కనిపెట్టింది. అమ్మ వచ్చింది, చూసింది, దారం విప్పేసింది. ఇద్దరూ ఆ దుప్పటినే చెరో కొస పట్టుకుని మడిచారు. నా కథ అంతే. నాలుగు మార్కులు వచ్చాయి. అట్ట మీద ఎర్ర సిరాతో, "అయితే ఏమిటి?" అని ఉంది.

4. నేను కథల మాస్టారి గదికి వెళ్ళి అడిగాను. అక్కడి మాటలు మార్చకుండా రాస్తున్నాను.

"చివరికి ముసలావిడ ఏమైంది?" అన్నారు.

"ఏమీ కాలేదు సార్. పనికి వస్తోంది."

"అదే తప్పు. పనికి వస్తే అది కథెలా అవుతుంది? పోవాలి. ఆ ఎర్రదారం చివర్లో ఆవిడ వేలికి చుట్టుకుని ఉండాలి. అప్పుడు కదా చదివేవాడికి గొంతు పట్టేసేది!"

"కానీ సార్, నిజంగా జరిగిందని సంతకం పెట్టాలి కదా."

"అందరూ పెట్టేదే, దాన్నెవరు చూస్తారు? చంపి తీసుకురా, చూద్దాం."

చంపి తీసుకురా అంటే, కొట్టుకెళ్ళి సబ్బు తీసుకురా అన్నట్టే ఉంది.

5. నేను తీసుకెళ్ళాను. ఇందులో మాస్టారి తప్పు ఎంత ఉన్నా, కలం నాదే. ఆ బల్ల మీదే రాశాను. నేను ఆమెను చంపుతున్న సమయానికి ఆమె నాకు రెండు బారల దూరంలో నిలబడి, "కిటికీకి అడ్డమొచ్చావే, ఇటు జరుగు," అంది. జరిగి కూర్చుని మిగతాది రాశాను. ఆమె వేలికి దారం ఎన్ని చుట్లు ఉంటే బాగుంటుందో కూడా ఆలోచించాను. మూడు అనుకున్నాను. సంతకం పెట్టాను.

6. తొమ్మిది వచ్చాయి. మాస్టారు మెచ్చుకోలు నీలం సిరాతో రాస్తారు. అట్టంతా నీలమే. తరగతిలో పైకి చదివి వినిపించారు. నా పక్క బెంచీ అమ్మాయి కళ్ళు తుడుచుకుని, "నీకేంటే, అదృష్టవంతురాలివి. ఇంటి నిండా సరుకే. మా ఇంట్లో అందరూ టీవీ చూస్తూ కూర్చుంటారు, ఏం రాసి చావాలి?" అంది. నేను "థాంక్స్" అన్నాను. ఆ తరువాత తరగతి మొత్తం లెక్క చూశాను. ఆరు వారాలలో మాకు పద్నాలుగు మంది తాతలు, అమ్మమ్మలు పోయారు, కుక్కలు కాక. అందరూ సంతకాలు పెట్టారు. వారిలో ఎందరు ఈ పూట భోజనం చేసి కునుకు తీస్తున్నారో తమరు విచారించవచ్చు.

7. పోయిన శుక్రవారం నేను ఏడవ కథను ఇంట్లో మరిచిపోయి కాలేజీకి వచ్చాను. మాస్టారు దిద్దుబాట్లు కనబడాలంటారు కనుక మేము ఎర్ర కలంతోనే దిద్దుకుంటాము. ఇంట్లో అరలో రెండు కట్టలున్నాయి. ఆనాడు ఇవ్వవలసిన కట్ట నిండా ఎర్ర గీతలు. తొమ్మిది మార్కుల కట్ట మీద ఒక్క ఎర్ర చుక్క లేదు. శుక్రవారం నేను వట్టి చేతులతో బయలుదేరానని తెలిసి అమ్మమ్మ అర వెతికింది. ఆమెకు చదవడం రాదు. నలభై ఏళ్ళుగా ఏ పని చేస్తోందో అదే చేసింది. ఎర్రది ఉన్నది మళ్ళీ ఉతకాలి, లేనిది అప్పజెప్పాలి. ఎర్రది లేని కట్టను చంకన పెట్టుకుని నడిచి వచ్చింది.

తరగతి నడుస్తోంది. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

"ఎవరు కావాలమ్మా?" అన్నారు మాస్టారు.

"మా మనవరాలు కాగితాలు మరిచిపోయింది బాబూ. శుభ్రమైనదే తెచ్చాను, చూసుకోండి. ఒక్క మరక లేదు."

మాస్టారు అట్ట తిప్పి చూశారు. "ఇది... ఆ పోయిన అమ్మమ్మ కథ కదా! మీరెవరు?"

"అమ్మమ్మనే. నా మీదే రాసిందట. బాగా కుదిరిందా?"

ఒకరు నవ్వారు. ఆ వెంటనే అందరూ నవ్వారు. కళ్ళు తుడుచుకున్న అమ్మాయి అందరికంటే గట్టిగా నవ్వింది. ఎందుకో తెలియకపోయినా అమ్మమ్మ కూడా మర్యాదకు నవ్వింది. అయ్యా, నాకు అసహ్యం ఎవరి మీదో ఇంకా తేలలేదు గానీ, పుట్టింది మాత్రం ఆ నవ్వు చూశాకే. మాస్టారు నా వైపు తిరిగి, "నన్నే మోసం చేస్తావా?" అన్నారు. ఆ సాయంత్రమే తమకు ఫిర్యాదు రాశారు. చంపమన్నది ఎవరో అందులో లేదు.

8. ఇది అర్జీకి అవసరమో కాదో తెలియదు. ఇంటికి వెళ్తూ దారిలో అన్నీ చెప్పేశాను.

"చంపేశావా?" అంది.

"కథలోనే అమ్మమ్మా."

"ఎలా? మంచాన పడేశావా?"

"లేదు. దుప్పటి పట్టుకుని, నిలబడే."

"అయితే ఫరవాలేదు." నాలుగడుగులు వేశాక, "ఎన్నొచ్చాయి?" అంది.

"తొమ్మిది. పదికి."

"బతికి ఉంటే?"

"నాలుగు."

"నాలుగు మరీ తక్కువేం కాదే. దాన్నెందుకు పారేశావు? మరక లేనిదానికి నేనెప్పుడైనా ఎర్రదారం కట్టానా?"

కట్టింది, ఒకసారి. నా మొదటి కథ దాని గురించే.

కావున తమరు దయతో (అ) ఆ తొమ్మిది మార్కులను కొట్టివేసి, మొదటి కథను, దాని నాలుగు మార్కులను నా పేర నిలబెట్టవలెనని, తొమ్మిదిని చూస్తే నాకు వాంతి వస్తోందని. (ఆ) తప్పుడు సంతకానికి తగిన శిక్ష వేసినా, తరగతిలో ఉండనివ్వవలెనని, మిగిలిన మూడు శుక్రవారాలకూ కథలు ఇస్తానని, వాటిలో ఎవరూ పోరని. (ఇ) ఇకపై ఆ అచ్చు కాగితం మీద, ముగింపు ఎవరు చెప్తే వారి సంతకం కూడా తీసుకోవలెనని ప్రార్థన. ఇందులో నిజమెంతో ఎదుట ఉన్న సాక్షిని చూసి చిత్తగించవలెను.

ఈసారి నిజంగానే సంతకం పెట్టుచున్న,
తమ విధేయురాలు,
రోల్ నంబరు ముప్పై ఒకటి.

జతపరచినవి:
నాలుగు మార్కుల కథ, ఎర్ర సిరాతో సహా.
తొమ్మిది మార్కుల కథ.
మా అమ్మమ్మ, అసలు ప్రతి. ఈ అర్జీ తెచ్చి తమ బల్ల ముందు నిలబడినది ఆమే. సరిచూసుకుని తిరిగి పంపగలరు.

తా.క.: ఆమెను కూర్చోమనండి, చెప్పనిదే కూర్చోదు. ఈ కాగితాలను బయలుదేరే ముందు కిటికీ దగ్గర ఎత్తి పట్టి చూసింది, దారం కట్టలేదు. ఎక్కువసేపు ఉంచవద్దని మనవి. రెండింటికి బండి వస్తుంది, పనికి వెళ్ళాలి.