పెద్ద డ్రమ్ము మల్సూర్

మిర్యాలగూడ,
11 ఆగస్టు 2024.

ప్రేమగల సత్యానందం అన్నకు,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. రెండుసార్లు ఫోన్ చేశాను అన్నా. నీ గొంతు వినగానే "ఊకెనే చేసిన, పానం మంచిగున్నదా" అని అడిగి పెట్టేశాను. నీ ముందు నోటితో నిజం చెప్పడం నావల్ల కాదని తేలిపోయింది. అందుకే కాగితం పట్టుకున్నాను.

ముందు తేలికైన సంగతి చెబుతాను. నేను డీజే వాళ్లతో వాయిస్తున్నానని నీకు తెలిసే ఉంటుంది. "ఇల్లు గడవాలి, పాపం వాడేం చేస్తాడు" అని నువ్వు నా తరఫున మాట్లాడావని కోదాడ నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. అది నిజం కాదన్నా. మా ఇల్లు స్వరూప కుట్టు మిషన్ మీద బాగానే గడుస్తోంది. నేను ఆ సంగీతం నచ్చి వెళ్లాను. మన పెళ్లి బ్యాండ్ మూసేసిన రోజు డీజే డబ్బాల ముందు ఎప్పుడూ నిలబడబోమని నువ్వూ నేనూ చేతిలో చెయ్యి వేసుకున్నాం కదా. ఆ మాట నేను ఇష్టపడే తప్పాను.

స్వరూప కొట్టు పక్క షట్టర్లో విజయ్ అనే లంబాడీ అతను సౌండ్ సిస్టం నడుపుతాడు. ముప్పై ఏళ్లుంటాయి. మధ్యాహ్నం పూట డబ్బాలు పరీక్ష చేసేవాడు. గోడ అవతల ఎవరో దున్నపోతు గొంతు నులిమినట్టు ఉండేది. మా బల్ల మీద సూదులు కదిలేవి. ఒకరోజు కొట్లాటకే వెళ్లాను. అతను కోపం తెచ్చుకోలేదు. "గీడ కూసో అన్నా. సెవులతోని కాదు, వీపుతోని ఇను" అని నన్ను డబ్బాకు ఆనించి కింద కూర్చోబెట్టాడు.

నా సంగతి నీకు తెలుసు. మా తాత నేర్పిన మోహన, పాత సినిమా పాటలు, అంతకు మించి సంగీతం లేదని బతికినవాణ్ణి. ఆ రోజు మొదట లేచి పోదామనుకున్నాను. తర్వాత ఆ అడుగు స్వరం వణకడం మొదలుపెట్టింది. ఊగుతూ, జారుతూ, మళ్లీ పట్టుకుంటూ. క్లారినెట్ మీద కింది స్వరాన్ని పెదవితో వణికించడానికి తాత నన్ను ఏడాది ఏడిపించాడు. అదే వణుకు ఇక్కడ గోడంత లావై వస్తోంది. లేచి వచ్చేశాను. మర్నాడు మళ్లీ వెళ్లాను. వారం తర్వాత క్లారినెట్ పట్టుకుని వెళ్లాను.

నేనొక్కణ్ణే అనుకోకు. విజయ్ వాళ్ల నాయనమ్మ చాందీ, తండాలో పెళ్లి పాటలన్నీ ఆమె నోటి మీదే ఉంటాయి, మొదట్లో "నా మనుమడు దయ్యాలను పిలుస్తుండు" అని తిట్టేది. ఇప్పుడు డబ్బా ముందుకు వచ్చి తన అడుగులు తాను వేస్తుంది. ఆ పాటలో రెండడుగులకు ఒక దెబ్బ పడుతుంది, ముసలి కాళ్లకు సరిగ్గా సరిపోతుందట. భజన మండలి లచ్చిరాం అయితే తాళాలు తెచ్చుకుని మరీ కూర్చుంటాడు. ఎవరికి వాళ్లు తమ పాటనే అందులో వెతుక్కుని వచ్చారు.

ఇక అసలు సంగతి. 2018 మేలో సూర్యాపేట పెళ్లి గుర్తుందా? ఆ రోజు నువ్వు సగం మందితో వేరే పెళ్లికి వెళ్లావు. ఇక్కడ ఎదురుకోళ్లకు నేనూ, పెద్ద డ్రమ్ముతో మల్సూరూ, మరో ఆరుగురం. మల్సూర్ అప్పటికి నెల రోజులుగా ఇప్పుడు విజయ్ డబ్బాల్లో మోగే ఈ డబ్‌స్టెప్ పిచ్చిలో ఉన్నాడు. బస్సులో ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో కుక్కి చెప్పేవాడు: "ఇను అన్నా. పైకి పోతది, పోతది, ఠక్కున ఆగుతది. ఆగినప్పుడు అందరు ఊపిరి బిగబడ్తరు. గప్పుడు కిందికెల్లి కొట్టాలె. నువ్వు క్లారినెట్ల పైకి తీస్కపో, నేను ఆపుత, నేనే కొడ్త." నేను ఇయర్‌ఫోన్ పీకి అతని ఒళ్లోకి విసిరేవాణ్ణి.

ఎదురుకోళ్లలో అతను నన్ను అడగకుండానే చేసేశాడు. నేను స్వరం పైకి తీసుకుపోతున్నాను. అతను చెయ్యెత్తి అందరినీ ఆపాడు. నా ఊపిరి కూడా ఆగిపోయింది. మగపెళ్లివాళ్లు, ఆడపెళ్లివాళ్లు, మేకపిల్లతో సహా అంతా చప్పుడు లేకుండా నిలబడ్డారు. అప్పుడు ఆ పెద్ద డ్రమ్ము మీద కొట్టాడు చూడూ. జనం ఎగిరి పడ్డారు. ఆడపెళ్లి పెద్దాయన కండువా తీసి అతని మెడలో వేశాడు. ఇరవై రెండేళ్లుగా ముందు వరుసలో నిలబడి క్లారినెట్ వాయించాను. నా మెడలో ఎవరూ ఏమీ వేయలేదు.

నేను వెళ్లి అతని డ్రమ్ము పట్టీ పట్టుకుని లాగాను. అందరి ముందు చెంప మీద కొట్టాను. "పెండ్లిని తమాష చేస్తున్నవారా" అని అరిచాను. సంగీతం పాడవుతుందని కొట్టలేదన్నా. కుళ్లుతో కొట్టాను. సాయంత్రం నీ దగ్గరికి వచ్చి, మల్సూర్ తాగొచ్చి తాళం తప్పాడని చెప్పాను. అతను చుక్క ముట్టలేదు. నా మాట పట్టుకుని నువ్వు అతన్ని తీసేశావు.

ఇంకా ఉంది. విజయ్ డబ్బాలతో నేను వాయించే ముక్క ఇప్పుడు సూర్యాపేట దాకా పేరు పడింది. క్లారినెట్ పైకి వెళ్లడం, అంతా ఆగడం, తర్వాత దెబ్బ. వీడియోను వేలమంది చూశారు. "ఈ ఐడియా నీకెట్ల వచ్చిందన్నా" అని అడిగితే నవ్వి ఊరుకుంటున్నాను. అది ఎవరిదో నీకు చెప్పక్కరలేదు.

నిన్ను మోసం చేసి నీ చేత పాపం చేయించాను. నన్ను తిట్టు. మల్సూర్ ఎక్కడున్నాడో తెలిస్తే రాయి.

నీ తమ్ముడు,
నాగేందర్


కోదాడ,
2 సెప్టెంబర్ 2024.

తమ్ముడు నాగేందర్‌కు,

బాగున్నామని రాయడం ఆనవాయితీ. ఈసారి రాయను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నన్ను మోసం చేశానని రాశావు. నువ్వు నన్ను మోసం చేయలేదు నాగేందర్. ఆ సాయంత్రం నువ్వు నా గుమ్మం ఎక్కకముందే ఆడపెళ్లి పెద్దాయన ఫోన్ చేశాడు. "మీ పెద్ద డ్రమ్మాయన ఎవరండీ, ప్రాణం పోశాడు, వచ్చే నెల మా తమ్ముడి ఇంట్లో పెళ్లికి కూడా అదే వాయించాలి" అన్నాడు. వీడియో కూడా పంపాడు. నువ్వు కొట్టడం కూడా అందులో ఉంది. తాగినవాడి చేయి అంత నిక్కచ్చిగా పడదని నీకు తెలిసినంతే నాకూ తెలుసు. వాళ్ల నాన్న తాగి పోయినప్పటి నుంచి వాడు సారా వాసన వస్తే ఆమడ దూరం నడిచేవాడు. అదీ తెలుసు.

అయినా నువ్వు చెప్పిన మాట విని తలాడించాను. ఎందుకంటే ఆ వీడియో చూసినప్పుడు నాకు భయం వేసింది. మా నాన్న పెట్టిన బ్యాండ్‌లో ట్రంపెట్ ముందుండేది, పెద్ద డ్రమ్ము వెనక ఉండేది. వాడు ముందుకు వస్తే నేనెక్కడ నిలబడాలి? వాణ్ణి పంపడానికి నాకు ఒక కారణం కావాల్సి వచ్చింది. నువ్వు తెచ్చి ఇచ్చావు. ఆ పెద్దాయనకు మాత్రం ఆ మనిషి మా దగ్గర మానేశాడని చెప్పాను. రెండేళ్లు తిరగకుండానే మనల్ని పిలిచేవాళ్లు లేక బ్యాండ్ మూశాం. ఎవరి కోసం కాపాడాను దాన్ని?

ఇంకో మాట. డీజే డబ్బాల ముందు నిలబడబోమని నీ చేతిలో చెయ్యి వేసిన రోజుకే నేను ఆ డబ్‌స్టెప్ వింటున్నాను. మొదట మల్సూర్ వీడియోలో ఆ ఆగిన చోటు మళ్లీ మళ్లీ చూసేవాణ్ణి. తర్వాత వాడు ఎక్కడ నేర్చాడా అని వెతికాను. మా చర్చిలో ఆర్గన్ అడుగు మెట్ల మీద కాలు పెడితే బల్లలు సన్నగా అదురుతాయి. చిన్నప్పుడు దేవుడు వచ్చాడనుకునేవాణ్ణి. ఆ అదురు మళ్లీ దొరికింది. నీకు చెబితే నన్ను చులకన చేస్తావని దాచాను. నువ్వూ నన్ను చూసి దాచావు. ఇద్దరం ఒకరి కోసం ఒకరం ఒట్టు మోస్తూ కూర్చున్నాం. మధ్యలో మొదట విన్నవాడు రోడ్డున పడ్డాడు.

మల్సూర్ మేళ్లచెరువులో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపే చోట పని చేస్తున్నాడు. వెళ్లాలనుకుంటే ఒక్కడివే వెళ్లు. నేను పోయిన ఏడాది గేటు దాకా వెళ్లి తిరిగి వచ్చాను. నాకు వాణ్ణి చూసే ముఖం లేదు. కారణం కూడా చెబుతాను. వాణ్ణి తీసేసిన వారానికి వాళ్లమ్మ యాదమ్మ మా ఇంటికి వచ్చింది. "మావోడు ఏం తప్పు చేసిండు సారు?" అని అడిగింది. "తాగి వస్తున్నాడమ్మా, మీవాణ్ణి కాస్త చూసుకోండి" అన్నాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ మాట నువ్వు నాకు చెప్పినప్పుడు కుళ్లుతో చెప్పావు. నేను ఆమెకు చల్లగా, కుర్చీలో కూర్చుని చెప్పాను.

సత్యానందం


మిర్యాలగూడ,
22 సెప్టెంబర్ 2024.

సత్యానందం అన్నకు,

వెళ్లి వచ్చాను.

రెండు గంటలకు షిఫ్టు దిగుతుంటే గేటు దగ్గర నిలబడ్డాను. కనుబొమల మీద, చెవుల మీద సిమెంటు దుమ్ముతో వస్తున్న నలభై మందిలో అతన్ని పోల్చుకోలేకపోయాను. అతనే ఆగాడు. "ఏందన్నా, గింత దూరమొచ్చినవ్?" అన్నాడు. అన్నా అని పిలవడమే నాకు దెబ్బ.

చాయ్ బండి దగ్గర కూర్చున్నాం. అంతా చెప్పాను. నీ ఉత్తరం సంగతి కూడా. అతను చాయ్ చల్లారేదాకా విన్నాడు.

"నాకెరుకే. నీ వీడియో మా కాడోళ్లు సూపిచ్చిండ్రు" అన్నాడు. "మంచిగనే చేస్తున్నవ్. కని ఆగే కాడ సరిగ ఆగుతలేవు. జనం ఎటు పోతరోనని భయపడి తొందరగ కొట్టిస్తున్నవ్. ఇంకో దెబ్బ సేపు ఆగాలె."

నేను అతని చేయి పట్టుకున్నాను. మాతో వచ్చి వాయించమన్నాను, విజయ్‌కు చెబుతానన్నాను. చేయి మెల్లగా విడిపించుకున్నాడు.

"ఆరేండ్లాయె డ్రమ్ము ముట్టక. ఇప్పుడు ముడితే మీ మనసు తేలికయ్యేటందుకు ముట్టినట్టయితది. నాకద్దు."

"నన్ను కొట్టు మల్సూర్. ఏమన్న అను."

"ఏమనాలె? మా అమ్మ నా నోరు వాసన సూసేది అన్నా. పనికెల్లి రాంగనే దగ్గరికి పిలిసి, బిడ్డా ఏదీ నోరు తెరువు అనేది. తాగలేదే అంటే దవుడ పట్టుకుని సూసేది. వాసన రాకపోతే ఇంకేదో తాగుతున్నవ్, దాస్తున్నవ్ అనేది. సత్యానందం సారు అబద్ధం సెప్పడు గదా అనేది. రెండేండ్లు గట్లనే సూసింది. దవాఖానల పండుకున్నప్పుడు గూడ నా చేతి మీద ఒట్టేపిచ్చుకుంది, ఇగ తాగనని. తాగనోనితోని తాగనని ఒట్టు. ఏసిన. ఆ సంతోషంతోని పోయింది."

చాయ్ గ్లాసు పెట్టి లేచాడు. "వాయించు అన్నా, బంద్ చెయ్యకు. పాట ఏం పాపం చేసింది? నా పేరు మాత్రం సెప్పు" అని బస్సెక్కి వెళ్లిపోయాడు.

విజయ్‌కు అదే రోజు చెప్పాను. డబ్బాల తీగలు పీకి చుట్టడం మొదలుపెట్టాడు. తర్వాత "నాయనమ్మకు నువ్వే సెప్పు, నేను సెప్పలేను" అన్నాడు. చాందీ విని, నేను ఇచ్చిన తమలపాకు నా చేతిలోనే పెట్టి లోపలికి వెళ్లింది. మొన్న సూర్యాపేటలో మైకు పట్టుకుని, ఈ ముక్క కట్టింది నడిగూడెం మల్సూర్, నేను కాదు అని చెప్పాను. సగం మందికి వినపడలేదు. మిగతా సగం "మొదలుపెట్టు, మొదలుపెట్టు" అని అరిచారు. అతను చెప్పినంత సేపు ఆగాను. బాగా వచ్చింది. అతను చెప్పిందే సరైనది. ఆ సంగతి నాకు ఇంకా ఎక్కువ నొప్పిగా ఉంది.

వీడియో కింద అతని పేరు పెట్టించాను. నీ దగ్గరున్న ఆ పాత వీడియో కూడా పంపు. నేను కొట్టినదాంతో సహా అందులోనే పెడతాం. కోయకు.

నిన్న మల్సూర్ వాళ్ల ఊరు నడిగూడెం వెళ్లాను. యాదమ్మ చెల్లెలు సత్తెమ్మ ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. చివరి రోజుల్లో అక్కకు ఆమే తోడు. ఆమె కూడా మల్సూర్ తాగుబోతని ఇన్నేళ్లూ నమ్మింది. అందుకే తన బిడ్డ పెళ్లికి అతన్ని పిలవలేదట. గుమ్మంలో మంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. నీ పేరూ చెప్పాను, నాదీ చెప్పాను. సగంలోనే ఆమె లేచి, నేనింకా తాగని ఆ చెంబు నా ముందు నుంచి తీసుకుని లోపలికి పోయింది. అయినా మిగతాది గుమ్మంలో నుంచి గట్టిగా చెప్పాను. లోపలి నుంచి ఒక్క మాటే వచ్చింది: "గిది మా అక్క ఉండంగ సెప్పకపోతిరి గదరా."

నువ్వు కూడా వెళ్లాలి అన్నా. యాదమ్మతో ఆ మాట అన్నది నువ్వు. నేను చెప్పేశాను కదా అని ఆగిపోకు. సూర్యాపేట బస్సు ఎక్కక్కరలేదు, కోదాడ నుంచి నడిగూడేనికి నేరుగా ఆటోలు ఉన్నాయి. సత్తెమ్మ నీకు మంచం కూడా వాల్చదేమో. నిలబడే చెప్పు.

నాగేందర్