రాహేలమ్మ ఎక్కడికీ పోలేదు

తర్లుపాడు

శేషగిరి గారికి,

ఆదివారం మీ నాన్నగారి విగ్రహావిష్కరణకు రమ్మని మా పేటకూ పత్రిక పంపారు. తప్పకుండా వస్తాను. ఎందుకో ముందే తెలియజేస్తున్నాను.

మా అమ్మమ్మ రాహేలమ్మ మీ పలకల క్వారీలో రాళ్లు మోసేది. యాభై ఏళ్ల కిందట, ఇరవై మూడో ఏట కనిపించకుండా పోయింది. లారీ డ్రైవరుతో లేచిపోయిందని మీ నాన్నగారు ఊరంతా చెప్పారు. చర్చి సభ్యుల పుస్తకంలో ఆమె పేరు కొట్టేశారు.

మొన్న ఆ కొట్టివేత చూశాక, ఆమెతో పనిచేసిన దావీదు తాతను వెతుక్కుంటూ కురిచేడు వెళ్లాను.

"యాడికీ పోలేదు తల్లీ. గట్టు ఇరిగి మీద పడింది. తీద్దామంటే ఓనరు వద్దన్నాడు, పూడ్చమన్నాడు. భయపడి మేమే మట్టి పోసినాం" అని ఏడ్చాడు.

ఆయన్నీ వెంట తెస్తున్నాను. ఆ మాటే మైకులో చెబుతాడు. క్వారీ తవ్వించమని పోలీసులకు అర్జీ ఇచ్చాను.

బడిలో మా అమ్మను "లేచిపోయినదాని కూతురా" అని పిలిచేవారు. ఐదో తరగతిలోనే మానేసింది. మీకూ బడికెళ్లే మనవలున్నారు. వాళ్ల తప్పేమీ లేదు, నాకు తెలుసు. మా అమ్మ తప్పూ లేదు.

ఆదివారం వాళ్లను ముందు వరసలోనే కూర్చోబెట్టండి.

ఇట్లు,
రాహేలమ్మ మనవరాలు