కింది నుంచి మూడో మెట్టు

ప్రియమైన దొరసానికి,

క్షేమంగా చేరాను. రాగానే ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి ఎత్తావు గానీ, పనిముట్ల పెట్టె తాళంచెవి ఎక్కడ పెట్టావని అడిగితే "ఆ, సరే, ఆ" అని పెట్టేశావు. అది జవాబా? కోపం ఇంకా దిగలేదన్నమాట. ఉత్తరాలు రాయమని నువ్వే అన్నావు కాబట్టి రాస్తున్నాను. ఈ వయసులో ప్రేమలేఖలేమిటని చూసినవాళ్లు నవ్వుతారు.

ఈ క్రైస్తవ గుడి చాలా ఏళ్లు మూతబడి ఉంది. కప్పు బాగుచేసి, సున్నం వేసి, మళ్లీ ఆరాధన మొదలుపెట్టబోతున్నారు. ఆలోగా నేను శ్రుతి చేసి ఆర్గన్ పలికించాలి. పాతకాలం సరుకు. వేలితో మెట్టు నొక్కితే చెక్క కమ్మీలు కదిలి గొట్టం కింద మూత తెరుచుకుంటుంది. తీగలు లేవు, కరెంటుతో పని గాలి మోటారుకే. మోటారు వేయగానే తిత్తి నిండుతూ పెద్ద నిట్టూర్పు విడిచింది. ఆపేశాక కూడా లోపల ఎవరో ఊపిరి తీస్తున్నట్టే వినబడింది. తిత్తికి చిల్లులుంటే అంతేనని నాకు తెలుసు. తెలిసినా వెనక్కి తిరిగి చూశాను.

మెట్లు నొక్కడానికి పాస్టరు అయ్యగారు తాళాల పిన్నిని కుదిర్చారు. గుడి ఊడ్చేది, తాళాలు వేసేది ఆవిడే. పాత వాయిద్యకారుడు ఆ పీట మీదే, పాట సగంలో ప్రాణం విడిచాడట. "ఆయన ఇంకా దిగలేదు బాబూ" అంది, చీపురు ఆపకుండా.

నిన్ను తీసుకురాలేదని నొచ్చుకోకు. పోయినసారి సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. గొట్టాల గదిలోంచి నేను గొంతు చించుకుని "తర్వాత, తర్వాత" అంటుంటే నువ్వు అదే మెట్టు పట్టుకుని రాయిలా కూర్చున్నావు. నలుగురిలో అరిచాను, నిజమే. పనిలో ధ్యాస లేకపోతే ఎలా? ఒకప్పుడు మనకి ఎంత జత కుదిరేది! నేను "తర్వాత" అనకముందే తర్వాతి మెట్టు మీద ఉండేదానివి. కొన్నాళ్లు ఇంటి పట్టున ఉండు, మనసు కుదుటపడుతుంది.

నా పిచ్చి నీకు తెలిసిందే. శ్రుతి కలవని రెండు గొట్టాల మధ్య కొట్టుకునే అల అణిగి, రెండూ ఒక్కటై పలికే క్షణం కోసమే బతుకుతాను. మోటారు ఆపగానే ఆ సంతోషమూ పోతుంది. పోనిది ఒకటి కావాలని ఉంది. నిన్న ఖాళీ గుడిలో మోకరించి, "ప్రభువా, వినే హృదయం ఇయ్యి" అని అడిగాను. చెవులు ఎలాగూ ఇచ్చాడుగా!

నీ చెవుల మేస్త్రి


ప్రియమైన మేస్త్రీ గారికి,

పెట్టె తాళంచెవి మీ కోటు లోపలి జేబులో ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం మీకు కొత్తా?

ఇక్కడ అంతా మామూలే. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాసు వాసన వచ్చాక గానీ చూసుకోలేదు. అక్క వచ్చి, "నేనొకటి అడిగితే నువ్వొకటి చెబుతావేంటే!" అని విసుక్కుంది.

ఒక మాట చెబుతాను, నవ్వకండి. ఈ ఇంట్లోంచి ఎవరో ఒక్కొక్కటే ఎత్తుకుపోతున్నారు. ముందు రేకుల మీది వాన పోయింది. కిటికీ అద్దం మీద నీళ్లు కారుతూ కనబడతాయి, అంతే. ఆ తర్వాత ఎదురింటి కుక్కకి బుద్ధి వచ్చింది. మొన్న గోడగడియారం ఆగిపోయిందనుకుని కుర్చీ ఎక్కాను. ముల్లు తిరుగుతూనే ఉంది. దాని పొట్ట మీద చెయ్యి పెడితే లోపల కొట్టుకుంటోంది. నిన్న గిన్నెలు తోముతూ వెనక్కి తిరిగితే అక్క నా భుజం దగ్గరే నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపటినుంచి ఉందో తెలియదు. కెవ్వుమన్నాననుకుంటాను. అక్క నా మొహం వంక అదోలా చూసింది.

మీతో ఒకటి చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతోంది. చెబితే మీరు నన్ను పనిలోంచే కాదు, మనసులోంచి కూడా పక్కన పెట్టేస్తారేమోనని భయం. అందుకే మీరే అడగండి. అడిగితే చెప్పేస్తాను.

మీరు కోరుకున్న వినే హృదయం కోసం నేనూ ప్రార్థిస్తున్నాను. నాకూ దానితో పని పడింది.

జాగ్రత్తగా ఉండండి.
మీ దొరసాని


ప్రియమైన దొరసానికి,

గడియారానికి నూనె వెయ్యి. కుక్క ముసలిదైపోయింది, అరిచే ఓపిక లేదు. పాలు పెడితే దగ్గరే నిలబడు. నువ్వు చెప్పాలన్నది నేను వచ్చాక చూద్దాం. ముందు ఇది విను.

నిన్న, బుధవారం మధ్యాహ్నం, వీధి రొద రాకుండా పెద్ద తలుపుకి లోపల గడియ పెట్టాను. పిన్ని పక్క తలుపు తాళం తీసుకుని వస్తుంది. మోటారు వేసి గొట్టాల గదిలోకి దూరి, పక్క తలుపు చప్పుడైనట్టు అనిపిస్తే, "పిన్నీ, పైనుంచి కానియ్యి" అని కేకేశాను. మొదటి గొట్టం పలికింది. లోపల ఉంటే పీటా కనబడదు, మెట్లూ కనబడవు, నీకు తెలుసుగా.

రోజూ పిన్నితో తల ప్రాణం తోకకి వచ్చేది. మధ్యలో వేలెత్తేస్తుంది, వరస తప్పుతుంది. ఆ రోజు మాత్రం పని నీళ్లు పారినట్టు సాగింది. అల అణిగి శ్రుతి కుదరడం ఆలస్యం, నేను నోరు తెరవకముందే తర్వాతిది పలికేది. "భేష్ పిన్నీ!" అన్నాను. బదులు రాలేదు. అలా నొక్కగలిగేది లోకంలో నువ్వొక్కదానివే అనుకుంటూ పని చేసుకుపోయాను.

అలా దిగుతూ దిగుతూ కింది నుంచి మూడో మెట్టు దగ్గర ఆగిపోయింది. గొట్టం మూగగా ఉంది, అడుగున గాలి మాత్రం బుసకొడుతోంది. "అలాగే పట్టుకో" అని, నా అంత ఎత్తున్న ఆ గొట్టాన్ని పెకలించి దించాను. దాని నోట్లో ఎండిపోయిన గబ్బిలం ఇరుక్కుని ఉంది. అది తీసి, తుడిచి, మళ్లీ నిలబెట్టేసరికి నడుము పడిపోయింది. అంతసేపూ ఆ కన్నంలోంచి గాలి వస్తూనే ఉంది. నొక్కిన వేలు ఒక్కసారీ లేవలేదు. గొట్టం కూర్చోగానే నేల అదిరేలా పలికింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

పిన్నికి దణ్ణం పెడదామని బయటికి వచ్చాను. పీట మీద ఎవరూ లేరు. మెట్ల మీద పొద్దున నేను పరిచిన దుమ్ముగుడ్డ పరిచినట్టే ఉంది. పెద్ద తలుపు గడియ పెట్టినట్టే ఉంది. వెనక గదిలో ఆ గొట్టం ఇంకా పలుకుతూనే ఉంది. గుడ్డ మీద ఎడమ చివర ఒక్కచోట చిన్న గుంట. నేను చూస్తుండగానే ఆ గుంట మెల్లగా పూడుకుంది. గొట్టం ఆగిపోయింది.

ఎలా బయటపడ్డానో నాకే తెలియదు. పక్క తలుపుకి బయట వేసిన తాళం వేసినట్టే ఉంది. ఇవాళ పొద్దున పిన్ని వచ్చి, "నిన్న అమ్మాయికి నొప్పులొచ్చాయి బాబూ, కబురు పంపడానికి కూడా మనిషి దొరకలేదు" అని బతిమాలుకుంది.

అయ్యగారికి చెప్పాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. "వినే హృదయం అడిగానన్నావు కదా. మరి ఏం వినబడింది?" అన్నారు. నాకు తోచేది ఒకటే. ఆ వాయిద్యకారుడే అయి ఉంటాడు. పని వదిలేసి వచ్చేద్దామా అనిపిస్తోంది. ఏం చేయమంటావు?

నీ మేస్త్రి


ప్రియమైన మేస్త్రీ గారికి,

ఇవాళ గురువారం. మీ ఉత్తరం కోసం చూశాను, ఇంకా రాలేదు. మీరు అడిగేదాకా ఆగలేను, చెప్పేస్తున్నాను.

నాకు వినబడదు. మీ మీద ఒట్టు, ఏమీ వినబడదు. కొన్నేళ్లుగా తగ్గుతూ వచ్చి, ఇప్పుడు పూర్తిగా పోయింది. చెవుల డాక్టరు మందు లేదని కాగితం మీద రాసి చూపించాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. మీరు ఏకంగా ఆర్గనే ఊదారు.

మరి ఇన్నాళ్లు మెట్లు ఎలా నొక్కానంటారా? శ్రుతి కుదరకపోతే మెట్టు కింద చెక్క ఎగిరెగిరి వణుకుతుంది. కుదరగానే ఆ వణుకు సర్దుకుంటుంది. సర్దుకోగానే నేను తర్వాతి దానికి వెళ్లిపోయేదాన్ని. మీరు అది జత కుదరడం అనుకునేవారు. నాకు ముచ్చటగా ఉండేది, అందుకే చెప్పలేదు. పోయినసారిది కొత్త రకం ఆర్గన్. మెట్లకీ గొట్టాలకీ మధ్య ఉత్త కరెంటు తీగలే. ఏది నొక్కినా వేలి కింద శవంలా ఉంది. మీరు పిలిచారో లేదో నాకేం తెలుసు? మీరు బయటికొచ్చి నోరు పెద్దగా తెరిచి అరుస్తుంటే, ఆ నోటినే చూస్తూ కూర్చున్నాను.

మొదట్లో ఈ నిశ్శబ్దం చూస్తే ప్రాణం పోయేది. ప్రార్థన చేసుకుంటే నా మాట నాకే వినబడదు, ఇక ఆయనకేం చేరుతుందని ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాక తెలిసింది, ఇన్నేళ్లూ ప్రార్థనలో నేనే వాగుతూ ఆయన్ని మాట్లాడనివ్వలేదని. ఇప్పుడు ఊరికే కూర్చుంటున్నాను. పక్కన ఆయన కూర్చున్నాడని చేతికి తెలుస్తుంది. చెబితే అక్క నమ్మదు గానీ, నేను సంతోషంగా ఉన్నానండీ. వాన పోయింది, గడియారం పోయింది, ఇది మాత్రం పోలేదు. మీ బెంగ ఒక్కటే మిగిలింది.

నిన్న జరిగింది కూడా చెప్పాలి. మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర కూర్చుని మీ కోసం ప్రార్థన చేస్తున్నాను. మాటలు రాలేదు. ఏదో తోచి, బల్ల అంచునే మెట్లనుకుని పైనుంచి ఒక్కొక్కటే నొక్కడం మొదలుపెట్టాను. వేలి కింద చెక్క వణికింది. చెయ్యి తీసేస్తే ఆగింది, మళ్లీ పెడితే వణికింది. భయమేసి లేచిపోదామనుకున్నాను. కానీ ఆ వణుకు మెల్లమెల్లగా సర్దుకోవడం నాకు తెలుసు. అది మీ చెయ్యి. అందుకని కూర్చుండిపోయాను.

కింది నుంచి మూడో దాని దగ్గర చెక్క చచ్చిపోయింది. ఎంత నొక్కినా కదలిక లేదు. మీకు ఏదో అయిందనుకున్నాను. వేలెత్తితే మిమ్మల్ని వదిలేసినట్టే అనిపించి అలాగే పట్టుకున్నాను. వేలు తిమ్మిరెక్కి మొద్దుబారిపోయింది. చాలాసేపటికి ఒక్కసారిగా బల్లంతా అదిరి, గ్లాసులో నీళ్లు తొణికాయి. ఇంకాసేపు ఉంచాను. ఎవరో ఎదురుగా నిలబడి నా వేలినే చూస్తున్నట్టు అనిపిస్తే, మెల్లగా తీశాను.

నాకు మతి పోయిందంటారా? అనండి. కానీ నన్ను పక్కన పెట్టకండి.

మీ దొరసాని


ప్రియమైన దొరసానికి,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడి ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. ఈపాటికి నాది చదివి, నీ వేలి వంక చూసుకునే ఉంటావు.

నీ ఉత్తరం అయ్యగారికి చూపించాను. చదివి కళ్లజోడు తీసి, దుమ్ముగుడ్డ ఎడమ చివర చేత్తో తడిమి చూశారు. తాళాల పిన్ని మాత్రం, "అయితే అది ఆయన కాదన్నమాట" అని పీట తుడిచింది. అది ఎలా జరిగిందో నేను ఎవరినీ అడగను. భయం పోలేదు. కానీ ఇప్పుడు పారిపోవాలనిపించే భయం కాదు, మోకరించాలనిపించే భయం.

నీ మొదటి ఉత్తరం మళ్లీ చదివాను. వాన, కుక్క, గడియారం, పాలు. అన్నీ చెప్పావు, అడగండి అని కూడా అన్నావు. నేను నూనె వెయ్యమన్నాను. మన ఇంట్లో చెవుడు ముందు నాకే వచ్చింది దొరసానీ, నీకు తర్వాత అంటుకుంది. క్షమించు. గబ్బిలం తీసేదాకా వేలెత్తకుండా పట్టుకున్న మనిషి ఇంట్లో ఉండగా, పోని సంతోషం కోసం గొట్టాల్లో దేవులాడాను.

మొదటి ఆరాధన దాకా ఉండమంటున్నారు. బాగుచేసిన ఆర్గన్ సంఘంతో కలిసి పాడితే వినకుండా నేనెప్పుడూ కదలలేదు. ఈసారి కదులుతున్నాను. పని పూర్తయింది, ఇది నీకు అందేసరికి బండి ఎక్కేసి ఉంటాను. పక్క ఊరి చెక్క కమ్మీల ఆర్గన్ పని కూడా ఒప్పుకున్నాను, మెట్ల దగ్గర మా ఆవిడ కూర్చుంటేనే అని చెప్పి మరీ. లోపలినుంచి అరవను. నీకు చెక్క చెబుతుంది, నాకు నువ్వు చెబుదువు గాని.

వచ్చాక తలుపు కొట్టను. గుమ్మంలో చెక్క పలక మీద మడమతో గట్టిగా తడతాను. ఈ రెండు రోజులూ ఎక్కడ కూర్చున్నా, బల్ల మీదో గోడ మీదో ఒక చెయ్యి ఆనించి ఉంచు.

నీ మేస్త్రి