అంఫై గొంతు ఎవరికి చెందాలి

నేను, థవిన్ బున్‌మాలా, వయసు డెబ్బై రెండు, థాయ్‌లాండ్‌లోని ఖోరాత్ పట్టణ నివాసిని. నా మతి నిలకడగా ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం దీనికి జతపరిచాను. ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా చేతితో ఈ వీలునామా రాస్తున్నాను. దీనికి ముందు బుద్ధ శకం 2560లో ఒకటి రాశాను. అందులో సర్వం నా భార్య అంఫై పేర పెట్టాను. ఆమె 2564లో పోయింది. కనుక ఆ వీలునామా రద్దు.

1. ఈ వీలునామా అమలు బాధ్యత పక్కింటి వన్నీ టీచరుది. ఆమెకు దయ్యాల సినిమాలంటే అసహ్యం. నా సామానులో దేని మీదా ఆశపడదు కనుక ఆమెను నమ్ముతున్నాను. పెరట్లోని మల్లె కుండీలు నాలుగూ ఆమెవి. మూడేళ్ళుగా నీళ్ళు పోస్తున్నది ఎలాగూ ఆమే.

2. ఇల్లు అమ్మి, వచ్చినదంతా ప్రభుత్వ ఆసుపత్రి ఊపిరితిత్తుల విభాగానికి ఇవ్వాలి. గోడ మీద నా పేరు రాయించవద్దు.

3. లారీ, పన్నెండు మీటర్ల తెర, రెండు ప్రొజెక్టర్లు మా డ్రైవరు వినైకి. నలభై ఏళ్ళు మేము ముగ్గురం ఊరూరా తిరిగి ఆరుబయట సినిమాలు ఆడించాం. నేను యంత్రం నడిపేవాణ్ణి. అంఫై తెర పక్కన మైకు పట్టుకుని, అప్పటికప్పుడు పాత్రలన్నిటికీ గొంతు ఇచ్చేది. వినై లారీలో నిద్రపోయేవాడు. దయ్యం ఎంత అరిచినా లేచేవాడు కాదు. అంఫై మాట ఆపితే మాత్రం ఉలిక్కిపడి లేచి, "ఏమైంది వదినా?" అని కేకేసేవాడు. మాకు దొరికిన విమర్శకులలో వాడే గట్టివాడు.

4. కాలేజీ రోజుల నుంచి చూసిన ప్రతి దయ్యం సినిమా గురించీ రాసుకున్న నోటుబుక్కులు, మొత్తం పదహారు, మా కాలేజీ గ్రంథాలయానికి. చదివేవారికి ఒక హెచ్చరిక. చివరి రెండు పుస్తకాల్లో చాలా పేజీల్లో ఒకే మాట ఉంటుంది: "చప్పుడు". ఇప్పటివారు దయ్యం కంటే ముందు డోలును పంపిస్తున్నారు. మనిషి ఉలిక్కిపడితే భయపడ్డాడని లెక్క వేసుకుంటున్నారు. పళ్ళెం కింద పడినా ఉలిక్కిపడతాం. తర్వాత సినిమాలో ఒక ప్రొఫెసరు వచ్చి, ఆ దయ్యం చిన్నప్పుడు ఏమేం బాధలు పడిందో అరగంట చెబుతాడు. అంతా చెప్పేశాక ఇంటికి తీసుకువెళ్ళడానికి ఏమీ మిగలదు.

ఇంకొకటి. మూడేళ్ళుగా ఈ ఇంట్లో ఒక్కణ్ణే ఉంటున్నాను. ఏ తలుపూ దానంతట అది తెరుచుకోలేదు. ఆమె చెప్పులు పెట్టినచోటే ఉన్నాయి. సినిమాల్లో దయ్యాలు పిలవకుండానే వస్తాయి. పిలిచినా రాకపోవడం గురించి ఎవరూ తీయడం లేదు.

5. కొత్త సినిమా హాలు మేనేజరుకు ఒక పొట్లం దూది. కాస్త శబ్దం తగ్గించమని అడిగితే, "భయమేస్తే చెవులు మూసుకో తాతా, డబ్బులు మాత్రం వాపసు రావు" అన్నాడు. దూది మంచి రకానిదే కొనాలి.

6. నా భార్య అన్న కొడుకు మొంత్రి విషయం. పిల్లలు లేని మాకు వాడే దగ్గర. ఇప్పుడు పేరున్న దర్శకుడు. తీసేవి దయ్యం సినిమాలే. వాడి మీద నాకున్న ఫిర్యాదులు రెండు. రెండూ ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది. శ్మశానంలో చనిపోయినవారి కోసం సినిమా ఆడించడం మా వృత్తిలో భాగం. బంధువులు మొక్కుకుంటారు, మేము తెర కడతాం, అగరొత్తులు వెలిగిస్తాం. ముందు వరుస కుర్చీలు పోయినవారి కోసం ఖాళీగా ఉంచుతాం. అక్కడ దయ్యం సినిమా ఎప్పుడూ వేయం. "వాళ్ళ ఇంటికి పోయి వాళ్ళనే వెక్కిరిస్తామా?" అనేది అంఫై. మొంత్రి తన రెండో సినిమా మొదటి ఆట, ప్రచారం కోసం, ఊరి చివరి చైనావారి శ్మశానంలో పెట్టాడు. ముందు వరుసలో పత్రికలవాళ్ళను కూర్చోబెట్టాడు. అంఫై వెళ్ళి వాళ్ళకు చేతులు జోడించి, "లేవండి నాయనా, ఈ సీట్లవాళ్ళు వచ్చారు" అంది. అందరూ లేచారు. ఆ సినిమా మొత్తం మీద జనం భయపడింది అప్పుడొక్కసారే.

రెండోది టేపు. 2561లో అంఫై చివరిసారి మైకు పట్టుకున్న ఆట వినై రికార్డు చేశాడు. నీళ్ళలో మునిగి చనిపోయిన తల్లి సాయంత్రాలు బిడ్డకు అన్నం పెట్టడానికి వచ్చే కథ అది. ఆమె గొంతు మిగిలింది ఆ ఒక్క టేపులోనే. 2565లో మొంత్రి వచ్చి, తన కొత్త సినిమాకు కావాలని అడిగాడు. వాడు గదిలో విన్నాడు. నేను వినలేక పెరట్లో నిలబడ్డాను. బయటికి వచ్చి, "అత్త అరుపు అదిరింది మామయ్యా. మధ్యలో పదకొండు సెకన్లు ఏమీ లేదు, ఉత్త ఖాళీ. అది కోసేస్తాలే, లేదంటే కింద డోలు వేస్తా" అన్నాడు. టేపు లాక్కుని పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఆ తర్వాత మేము మాట్లాడుకోలేదు. ఆ టేపు నాతో పాటు దహనం చేయాలని మొదట ఈ కలంతోనే రాశాను. ఆ చిత్తు ప్రతి చించేశాను. కారణం కింద రాస్తున్నాను.

7. ఈ పత్రంలో టేపు నిడివి రాయడానికి గడిచిన మంగళవారం మొదటిసారి విన్నాను. మొంత్రి ఖాళీ అన్న చోటు ఖాళీ కాదు. అంఫై ఊపిరి తీసుకోబోతుంది. సగంలో ఆగుతుంది. మళ్ళీ ప్రయత్నిస్తుంది. మూడోసారికి అందుతుంది.

ఆ రోజు నేను ఆమెకు ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. మూడు వందల మంది కదలకుండా కూర్చున్నారు. ఆట అయ్యాక, "నీ జన్మలో ఇంత బాగా ఎప్పుడూ ఆగలేదు" అన్నాను. "ఏం బాగో నీకే తెలియాలి! ఊపిరి అందక ఆగాను, పిచ్చి మనిషీ. నీళ్ళిలా పడెయ్" అంది. నవ్వి, నీళ్ళిచ్చాను. నోటుబుక్కులో ఆ నిశ్శబ్దానికి అయిదు నక్షత్రాలు వేశాను. పధ్నాలుగు నెలల తర్వాత ఆసుపత్రికి వెళ్ళాం. ఏడాది ముందు వచ్చి ఉంటే బాగుండేదన్నారు.

నిశ్శబ్దం వినడం నాకే తెలుసని నలభై ఏళ్ళు గర్వపడ్డాను. అక్కడ ఏమీ లేదన్నాడు మొంత్రి. అక్కడ కళ ఉందన్నాను నేను. ఇద్దరం తప్పే విన్నాం. వాడి తప్పు వల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ పేజీ పన్నెండో పుస్తకంలో ఉంది. గ్రంథాలయంవారు దాన్ని చించకూడదు.

8. కనుక టేపు, దానిపై సర్వహక్కులు మొంత్రికి. నేను పోయేదాకా ఆగనక్కరలేదు. ఈ పత్రం ప్రతి ఒకటి, పెట్టె తాళంచెవితో సహా, ఈ వారమే వాడికి చేర్చమని వన్నీ టీచరును కోరుతున్నాను. నాయనా, నీ సినిమాలో వాడుకో. అరుపు అక్కరలేకపోతే తీసేయ్. ఆ పదకొండు సెకన్లు మాత్రం కోయకు. దాని మీద డోలు, వయొలిన్, గాలి చప్పుడు, ఏదీ వేయకు. జనం ఫోన్లు చూసుకుంటే చూసుకోనీ. అది ఎవరినీ భయపెట్టడానికి చేసింది కాదు. అది విని, హాల్లో ఒక్కరైనా పక్క సీటులోని మనిషి వైపు తిరిగి చూస్తే చాలు.

బుద్ధ శకం 2567, నవంబరు 19
ఖోరాత్

(సంతకం) థవిన్ బున్‌మాలా

మా ఎదుట చదివి సంతకం చేశారు. ఇందులో మాకు ఏ వాటా లేదు.

సాక్షులు:
ప్రయూన్ ఖామ్‌దీ, మందుల దుకాణం
లద్దా సేతాంగ్, కుట్టుపని