అక్క చీటీ

తమ్ముడూ,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కానీ నీ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి, "సాయం కావాలంటే దరఖాస్తు పెట్టుకోండి, తాతగారూ" అంది. నువ్వు ఆస్తంతా దానం చేశాక అందరూ అందుకే ఫోన్ చేస్తారు కాబోలు. పేపర్లో నీ ఫొటో చూశాను. కోటు ఎడమ భుజం జారింది. నా కుట్టు మిషను దగ్గరికొస్తే రెండు కుట్లు విప్పి సరిచేసేవాణ్ణి. అసలు సంగతి అది కాదు. సోమవారం అక్క పోయింది.

గుండె ఆపరేషన్ కోసం నువ్వు కట్టించిన ఉచిత ఆసుపత్రిలోనే పేరు రాయించుకుని, వరస నంబరు చీటీ తెచ్చుకుంది. నీకు చెబుతానంటే కసిరింది.

"నోర్మూసుకోరా! బంధువులైనా వరసలోనే రావాలని వాడే గోడ మీద రాయించాడు. వరసలో ఉన్నవాళ్ళకి తమ్ముళ్ళు లేరా ఏంటి?"

చిన్నప్పుడు కుళాయి దగ్గర నువ్వు వరస తప్పి బిందె పెడితే, చెవి మెలేసి వెనక్కి లాక్కొచ్చింది అక్కే కదా. నీ మీద కోపం లేదురా. అక్క మాట నేను వినకుండా ఉండాల్సింది.

నిన్న ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది, అక్క వంతు వచ్చిందట. వెళ్ళి చీటీ తిరిగిచ్చాను. కౌంటర్లో ఆవిడ దాన్ని చింపేసి, తర్వాతి పేరు పిలిచింది.