ఫాదర్‌కి ఎనిమిదో అర్థం

సోమవారం, 4 మార్చి 1968

ఎఫ్ వచ్చింది! మూడు నెలలుగా ఈ డిక్షనరీని ఎ నుంచి గట్టిగా చదువుతున్నాను. ప్రెస్‌లో నా పని అదే. కాపీ, అంటే రాతప్రతి, నేను చదువుతుంటే, ఎదురుగా ప్రూఫ్ రీడర్ మిసెస్ సగ్డెన్ అచ్చు ప్రూఫ్‌లో తప్పులు పట్టుకుంటుంది. కామా వస్తే కామా అని పైకి అనాలి. అక్టోబరులో యూనివర్సిటీకి వెళ్లేదాకా ఇదే ఉద్యోగం. లీడ్స్ అంతా వానకు నానుతున్నా నాకు మాత్రం రోజూ పండగే.

మధ్యాహ్నం ఫాదర్ తగిలింది. ఒక్క మాటకు ఏడు అర్థాలు! కన్నవాడు. దేవుడు. చర్చి గురువు. పూర్వీకుడు. ఒక విద్యకు ఆద్యుడు. ఊరి పెద్ద. ఏడోది క్రియ, ఒక ఆలోచనకు పుట్టుక ఇవ్వడం. ఏడూ చదివి ఆగిపోయాను. మనదేది?

అచ్చు పనివాళ్ల సంఘాన్ని ఛాపెల్ అంటారు. దాని పెద్దను ఫాదర్ అంటారు. మా తాత రోజుల్లోనూ అంతే. ఇప్పటి ఫాదర్ మా నాన్నే, సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటర్. ప్రెస్ గుమ్మం దాటి లోపలికి వెళ్తే నేను కూడా ఆయన్ని ఫాదర్ అనే పిలవాలి. డిక్షనరీని అచ్చువేసేవాళ్ల మాటకు డిక్షనరీలో చోటు లేదు!

మంగళవారం, 5 మార్చి

సంపాదకుడు డాక్టర్ పెటిఫర్‌కి ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. మిసెస్ సగ్డెన్ చూసి, అచ్చులో ఉన్నది చూడ్డమే మన పని పిల్లా, లేనిదాన్ని వెతకడం కాదు అంది. స్టాంపు మాత్రం తనే ఇచ్చింది.

గురువారం, 14 మార్చి

జవాబు వచ్చింది. చాలా మర్యాదగా కాదన్నాడు. ఆ వాడుకకు తన దగ్గర సాక్ష్యం లేదట. మళ్లీ కొత్త కూర్పు ఇరవై ఏళ్లకట. అప్పటికి నాకు ముప్ఫై ఎనిమిది!

శుక్రవారం, 15 మార్చి

చేపలు, చిప్స్ తింటూ ఉత్తరం పైకి చదివాను. అమ్మ, మీ ఫాదర్ పుస్తకానికెక్కి కూర్చుంటే బొగ్గు బకెట్ ఎవరు మోస్తారే అంది. నువ్వే పేర్చెయ్యరాదా నాన్నా అని నవ్వాను. ఆయన నవ్వలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో కాపీలో లేని కామా ఒక్కటి కూడా పెట్టలేదే అన్నాడు. నిజమే. తప్పని తెలిసినా ఉన్నదున్నట్టే పేర్చాలి. సొంతంగా మాట కలిపిన కంపోజిటర్‌ని ఛాపెల్ నిలదీస్తుంది. ఆ కలిపినవాడు ఫాదరే అయితే, పదవి దిగిపోవాల్సిందే.

బుధవారం, 20 మార్చి, ఉదయం పది



దిద్దిన ప్రూఫ్ వచ్చింది. నేను ఏడో అర్థం చదివి, తరువాతి మాటకు వెళ్లాను. మిసెస్ సగ్డెన్ పెన్సిల్ కదల్లేదు. ప్రూఫ్ నా వైపు తిప్పింది.

ఎనిమిది. అచ్చు పనివాళ్ల ఛాపెల్ ఎన్నుకున్న పెద్ద.

కింద మూలన, పేర్చినవాడి గుర్తుగా, నాన్న పొడి అక్షరాలు.

మీ నాన్నకు మతి పోయింది పిల్లా అంది మెల్లగా. కొట్టేస్తే ఎవరికీ తెలియదు, ఊరుకుంటే ముగ్గురం దొంగలం అంది. పన్నెండు దాకా గడువు ఇచ్చింది.

అదే రోజు, సాయంత్రం ఆరు

అన్నీ వరసగా రాయాలి.

కిందికి పరుగెత్తాను. ఫాదర్ అన్నాను. తలెత్తకుండానే, చూశారా అన్నాడు. నిన్న భోజనాల వేళ పేర్చాడట. వద్దు వద్దు అనుకుంటూనే ఉన్నానే హెస్టర్, చేతులు వినలేదు అన్నాడు. కొట్టేస్తే ఎవరికీ తెలియదని చెప్పాను. నాకు తెలుసుగా అన్నాడు. తనే వెళ్లి గంట కొట్టి ఛాపెల్‌ని పిలిచాడు.

పేజీలు కట్టే రాతిబల్ల చుట్టూ నలభై ముగ్గురు. ఆడవాళ్లం సభ్యులం కాదు. గుమ్మంలో నిలబడ్డాం. తప్పు చేసినవాణ్ణి ఫాదరే ప్రశ్నించాలని నియమం. మెషిన్ నడిపే క్లిఫ్ అందుకుని, కానియ్ ఫాదర్, ఇటు నిలబడి అడుగు, అటు వెళ్లి జవాబు చెప్పు, మాకేం తొందర లేదు అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న నిజంగానే బల్ల చుట్టూ తిరిగాడు! కాపీలో లేని మాట కలిపావా అని అడిగాడు. అటు వెళ్లి, కలిపాను అన్నాడు. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

తీర్పు చెప్పింది క్లిఫే. దొంగతనంగా ఆ లైను ఉండటానికి వీల్లేదు. ప్రూఫ్ అంచున ఉన్నదున్నట్టు రాసి సంపాదకుణ్ణే అడగాలి. ఆయన తప్పుబడితే నాన్న దిగిపోవాలి. నాన్న సరేనన్నాడు.

మిసెస్ సగ్డెన్ అంచున రాసింది. ఇది కంపోజిటర్ కలిపినది. తీసెయ్యమంటారా?

నాకు ఒక్కసారిగా తట్టింది. సాక్ష్యం లేదనేగా ఆయన అన్నది, ఇక్కడ నలభై ముగ్గురు ఉన్నారుగా అని గుమ్మంలోంచే అరిచాను. నీ కూతురికి గొంతు బాగానే ఇచ్చావు ఫాదర్ అన్నాడు క్లిఫ్. ప్రూఫ్ తిప్పి, మేమంతా ఈయన్ని అలాగే పిలుస్తాం అని రాసి సంతకం పెట్టాడు. తరువాత ఒక్కొక్కరూ. సిరా వేళ్ల ముద్రలు కూడా పడ్డాయి. చివర్న పెన్సిల్ గుమ్మంలోకి వచ్చింది. మిసెస్ సగ్డెన్ పెట్టింది. నేనూ పెట్టాను.

నాన్న పెట్టలేదు. ముద్దాయి సాక్షి కాకూడదట.

బుధవారం, 27 మార్చి

డాక్టర్ పెటిఫర్ నుంచి పోస్టు రాలేదు. నాన్న ఛాపెల్ కాగితాల అర సర్దేస్తున్నాడు.

శుక్రవారం, 5 ఏప్రిల్

ప్రూఫ్ వచ్చింది. ఎనిమిదో అర్థం పక్కన డాక్టర్ పెటిఫర్ పచ్చ సిరాతో ఒకే మాట: ఉండనివ్వండి.

నాన్న కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ లైనులో రెండు మాటల మధ్య ఎడం ఎక్కువైందన్నాడు. దిద్దుబాటు గుర్తు పెట్టండి మిసెస్ సగ్డెన్, గుర్తు లేనిదే నేను ముట్టుకోను అన్నాడు.